ఏడో లేన్‌లో మనిషి

ఫిబ్రవరి రెండో వారం. మధ్యాహ్నం రెండూ పదికి మా బస్సు ఫోర్ట్ గేటు దాటింది. ఇరవై ఆరు డిగ్రీల ఫారెన్‌హీట్. వాన పడుతూ పడుతూనే గడ్డకడుతోంది. దిగేటప్పుడు నా ముందువాడు మెట్టు మీద జారి పడ్డాడు. ఎవరూ నవ్వలేదు. అందరికీ రెండు చేతుల్లో రెండు డఫెల్ బ్యాగులు, వీపు మీద మరొకటి. నా మూడూ కలిపి నూట పది పౌండ్లు.

మిస్సోరి రాష్ట్రంలో దక్షిణాన, ఓక్ చెట్ల గుట్టల మధ్య ఉంది ఆ ఫోర్ట్, అమెరికా సైన్యం స్థావరం. ఎర్ర బంకమన్ను, చెకుముకి రాళ్ళు. పార వేస్తే టంగుమని వెనక్కి తంతుంది. రెండేళ్ళా నాలుగు నెలలు నేను అక్కడే డ్యూటీ చేశాను. అఫ్గానిస్తాన్ వెళ్ళలేదు. ఇరాక్ వెళ్ళలేదు.

ఇప్పుడు నేనుండే హెర్న్‌డన్‌లో తెలుగువాళ్ళ పుట్టినరోజు పార్టీలకు వెళితే అంకుల్స్ అడుగుతుంటారు. "ఆర్మీలో చేశావంటగా బాబూ, ఎంతమందిని షూట్ చేశావ్?" ఒక్కర్నీ చేయలేదంటే వాళ్ళ మొహాలు వాడిపోతాయి. ప్లేట్‌లో బిర్యానీ వైపు చూసుకుంటారు. నేను కాల్చాలనుకున్నది ఒక్కణ్ణే. వాడు అమెరికాలో లేడు. ఆ సంగతి వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఎం.ఎస్. చదవడానికి ఎఫ్-వన్ వీసా మీద వచ్చాను. కొన్ని భాషలు తెలిసిన విదేశీ విద్యార్థుల్ని సైన్యంలోకి తీసుకుంటున్నారని తెలిసి చేరాను. పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో నా రూమ్మేట్లు హెచ్-వన్ ఉద్యోగ వీసా కోసం ఎదురుచూస్తున్నారు. సిటిజన్‌షిప్ తొందరగా వస్తుందని వెళ్ళాననుకున్నారు. అదీ నిజమే. తుపాకీ పట్టడం నేర్పుతారని వెళ్ళాను. అదీ నిజమే.

నాకు పడిన పని చాప్లెయిన్ అసిస్టెంట్. చాప్లెయిన్ అంటే సైన్యంలో పాస్టర్. ఆయనకు యూనిఫాం ఉంటుంది, హోదా ఉంటుంది, ఆయుధం మాత్రం ఉండకూడదు. అది నియమం. అందుకని ఆయన పక్కన రైఫిల్ పట్టుకుని ఒకడు ఉంటాడు. ఆ ఒకణ్ణి నేను.

మా చాప్లెయిన్ హోదా మేజర్. టెన్నెసీ మనిషి. ఆరడుగుల రెండంగుళాలు, ఎడమ మోకాలు పాడు. ఇరాక్ రెండుసార్లు వెళ్ళొచ్చాడు. మొదటి రోజు ఆఫీసులో నన్ను నిలబెట్టి అడిగాడు.

"దాసరీ, నా దగ్గర పుస్తకం ఉంటుంది. నీ దగ్గర రైఫిల్ ఉంటుంది. నామీద ఎవరైనా కాల్పులు మొదలుపెడితే ఏం చేస్తావ్?"

"వాణ్ణి కాలుస్తాను సర్."

"ముందు నన్ను కింద పడేసి అడ్డం పడుకోమని రాసుంది."

"ముందు వాణ్ణి కాల్చి, తర్వాత మీ మీద పడుకుంటాను సర్."

ఆయన గట్టిగా నవ్వాడు. నేను నవ్వలేదు.

పని పెద్ద కష్టమేం కాదు. పొద్దున్న ఐదున్నరకు పరుగు. ఎనిమిదికి చాపెల్, అంటే ఫోర్ట్ చర్చి, తలుపులు తీయడం. కుర్చీలు సర్దడం, కాఫీ పెట్టడం, మాట్లాడ్డానికొచ్చే సైనికుల పేర్లు రాసుకోవడం. భార్య వదిలేసినవాళ్ళు, నిద్ర పట్టనివాళ్ళు, తాగి బండి గుద్దినవాళ్ళు. లోపల వాళ్ళు చెప్పేది చాప్లెయిన్ ఎవరికీ చెప్పడు. పై అధికారి అడిగినా చెప్పడు. తలుపు బయట నేను కూర్చునేవాణ్ణి.

కాల్పులు సాధన చేసే రేంజ్‌కి మాత్రం పిలిచినా పిలవకపోయినా వెళ్ళేవాణ్ణి. ఎవరికైనా జ్వరమొచ్చి వాళ్ళు కాల్చే లేన్ ఖాళీ అయితే మొదట చెయ్యెత్తేది నేనే. నలభై టార్గెట్లు. మనిషి ఆకారంలో ఆకుపచ్చ ప్లాస్టిక్ బొమ్మలు. యాభై మీటర్ల నుంచి మూడొందల మీటర్ల దాకా ఎక్కడో ఒకచోట లేస్తాయి, కొన్ని క్షణాలుంటాయి, తగిలితే పడిపోతాయి. నాకు ముప్ఫై ఎనిమిదికి తగ్గేవి కావు. ఆ బొమ్మలకు మొహం ఉండదు. నా బొమ్మకు ఉండేది.

మా ఊరు కృష్ణా కాలువ కొసన, సముద్రానికి పది మైళ్ళ దూరంలో. మాది ఊరు కాదు, ఊరవతల పల్లె. పల్లెకు రెండెకరాల శ్మశానం ఉండేది. నాన్నను అక్కడే పెట్టాం. పక్క పొలాలన్నీ రొయ్యల చెరువులైపోయాక, ఊళ్ళో ఒక పెద్దమనిషి కన్ను దానిమీద పడింది. లీజు కాగితం మీద వార్డు మెంబరు సంతకం కావాలి. వార్డు మెంబరు మా అన్న ఏసుపాదం. అన్న పెట్టనన్నాడు. మూడుసార్లు కబురొచ్చింది. మూడుసార్లూ పెట్టనన్నాడు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం సెలవులకు వచ్చాను. పొద్దున ఆరుంబావు. కాలువ లాకుల దగ్గర అవతలి గట్టున, రెల్లు వెనక ఉన్నాను. ఇవతలి గట్టున ముగ్గురు అన్నను నీళ్ళలోకి తోశారు. ఇద్దరు చేతులు పట్టుకున్నారు. మూడోవాడు, ఆ పెద్దమనిషే, పంచె పైకి ఎగ్గట్టి, నీళ్ళలోకి దిగి, అన్న మెడ మీద కాలు పెట్టి నిలబడ్డాడు. గట్టు పట్టుకుని, తీరిగ్గా. నాకు ఈత వచ్చు. కాలువ వెడల్పు అరవై అడుగులు. నేను రెల్లులోంచి లేవలేదు.

పోలీసులకు మొదట చెప్పాను. రాసుకున్నారు. సాక్షుల్లో నాలుగో పేరు నాది. తర్వాత పాస్టరుగారు అమ్మకు నచ్చజెప్పారు. పెద్దోడు ఎటూ పోయాడు, చిన్నోణ్ణయినా దక్కించుకో, పగ దేవుడికి వదిలెయ్యి అన్నారు. నన్ను హైదరాబాద్ హాస్టల్‌కి పంపేశారు. కేసు నిద్రపోయింది. శ్మశానం తవ్వేశారు. మా నాన్న సమాధి మీద ఇప్పుడు రొయ్యలున్నాయి.

తొమ్మిదేళ్ళ తర్వాత కేసు లేచింది. నేను ఫోర్ట్‌కి వచ్చిన మరుసటి ఏడాది మార్చిలో అమ్మ ఫోన్ చేసింది.

"సమన్లొచ్చినయ్యి అయ్యా. జూన్లో వాయిదా అంట. పాస్టరుగారేమో రాజీ పడమంటన్నారు. ఆళ్ళు మనిషిని పంపిచ్చారు. నువ్వు రాబాక."

"వస్తాను."

"కోర్టుకా?"

"వస్తానన్నాగా."

ముప్ఫై రోజుల లీవ్‌కి అప్లై చేశాను. కోర్టు నా లెక్కలో లేదు. వాడు రోజూ పొద్దున ఆరింటికి మోటార్‌సైకిల్ మీద ఒక్కడే చెరువుల దగ్గరికి వస్తాడని అమ్మ మాటల్లో తెలుసుకున్నాను. గట్టు మీద మంచం వేసుకుని కూర్చుంటాడు. చెరువులో గాలి కొట్టే యంత్రాలు తిరుగుతుంటే పక్కవాడి కేక కూడా వినపడదు. తుపాకీ అక్కర్లేదు. ఆరడుగుల మనిషిని నేలకేసి, ఊపిరి ఆపడం నాకు సైన్యం నేర్పింది. వాడికి అరవై మూడేళ్ళు. నీళ్ళు పక్కనే ఉంటాయి.

ఫోర్ట్‌లో నాతో తెలుగు మాట్లాడేవాడు ఒక్కడే. మోటార్ పూల్‌లో, అంటే సైన్యం బండ్ల షెడ్డులో, మెకానిక్, కరీంనగర్ వాడు, నాలాగే చదువుకోడానికొచ్చి చేరినవాడు. నా లీవ్ ఫారం చూసి, రెంచి కింద పెట్టాడు.

"అన్నా, వన్ మంత్ పోయి ఏం జేస్తవ్?"

"అమ్మని చూస్తా."

"అమ్మను చూస్తందుకు పోయెటోని మొఖం గిట్లుంటదా?"

నేను ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను. వాడు మళ్ళీ ఇంజిన్ కిందికి దూరాడు.

ఏప్రిల్ మూడో వారంలో ఆర్డర్ వచ్చింది. హిట్లర్ కాలంలో యూదుల ఊచకోత నుంచి బతికి బయటపడ్డవాళ్ళు ఇద్దరు వస్తున్నారు. హోలోకాస్ట్ స్మారక సభలో మాట్లాడతారు. మూడు రోజులు చాప్లెయిన్ ఇంట్లోనే ఉంటారు. సోమవారం 1120 గంటలకు సెయింట్ లూయిస్ ఎయిర్‌పోర్ట్‌లో రిసీవ్ చేసుకోవాలి. వ్యాన్, డ్రైవర్, ఎస్కార్ట్ అన్నీ నేనే.

చాప్లెయిన్ భార్య వారం నుంచి సర్దుతోంది. కొత్త దుప్పట్లు కొంది. వాళ్ళ నియమాల ప్రకారం వంట ఎలా చేయాలో ఎవరికో ఫోన్ చేసి తెలుసుకుంది. కొత్త గిన్నెలు, కొత్త ప్లేట్లు. వాళ్ళ అమ్మాయికి పదహారేళ్ళు. తన గది ఖాళీ చేసి హాల్లో సోఫా మీదకు మారింది. చాప్లెయిన్ భార్య నన్ను మూడుసార్లు అడిగింది, "గేట్ దగ్గర కుక్కల్ని లోపలుంచమని చెప్పావా?" చెప్పాను. హిట్లర్ క్యాంపుల్లో కాపలా కుక్కలుండేవి, చూస్తే వాళ్ళు భయపడతారని ఆవిడ బెంగ. గేటు సార్జెంట్ సరేనన్నాడు.

వచ్చినవాళ్ళలో ఒకాయన యోసెఫ్. ఎనభై ఆరేళ్ళు. బో టై కట్టుకుని, కనపడ్డ ప్రతి ఒక్కరి చెయ్యీ రెండు చేతుల్తో పట్టుకునేవాడు. ఇంకొకావిడ హన్నా. ఎనభై నాలుగు. ఐదడుగులు కూడా ఉండదు. ఇద్దరూ న్యూజెర్సీలో ఒకే వీధిలో ఉంటారట. వ్యాన్ ఎక్కుతూ ఆవిడ నా నడుముకున్న ఖాళీ పిస్టల్ ఒర వైపు చూసింది.

"పాస్టర్ దగ్గర గన్ ఉండదటగా. నీ దగ్గరేనా ఉండేది?"

"అవును మేడమ్. ఇవాళ లేదు."

"ఎందుకు లేదు?"

"మీరు గెస్టులు కదా మేడమ్."

"గెస్టులనే ఎక్కువ కాపాడాలి," అంది.

మంగళవారం 1300 గంటలకు సభ. చాపెల్‌లో నాలుగొందల మంది. నేను కుడివైపు తలుపు దగ్గర. యోసెఫ్ ముందు మాట్లాడాడు. తల్లిదండ్రులు, ముగ్గురు చెల్లెళ్ళు, ఎవరూ మిగల్లేదన్నాడు. నలభై ఏళ్ళు ద్వేషంతో గడిపానన్నాడు. తర్వాత ఒక పొద్దున లేచి అందర్నీ క్షమించేశాను, నాకోసం క్షమించాను, ఆ రోజు నుంచే భోజనానికి రుచి తెలుస్తోంది అన్నాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. కొందరు ఏడ్చారు. నాకు పళ్ళు నొప్పెట్టాయి. దవడలు బిగించి ఉన్నానని అప్పుడు తెలిసింది. ఆయన మాటలు మా పాస్టరుగారి గొంతుతో వినపడ్డాయి.

చాప్లెయిన్ ముగింపు మాటల కోసం లేచాడు. హన్నాను కూడా రెండు మాటలు చెప్పమన్నాడు. "ఈ క్షమించడం గురించే," అన్నాడు. పొరపాటు అదే.

ఆవిడ మైకు కిందికి వంచుకుంది.

"యోసెఫ్ నా స్నేహితుడు. మంచివాడు. నేను క్షమించలేదు. క్షమించను. ఎవరైనా నన్ను అడగడం కూడా నాకిష్టం లేదు. థాంక్యూ."

కూర్చుంది. నాలుగొందల మందిలో ఒక్కడు చప్పట్లు కొట్టాడు. అది నేనే. చాప్లెయిన్ తలతిప్పి నావైపు చూశాడు.

రాత్రి భోజనానికి నన్నూ ఉండమన్నారు. చాప్లెయిన్ భార్య చికెన్ వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగిపోయింది. వారం నుంచి దాచుకున్న ప్రశ్న అనుకుంటాను.

"హన్నా, తప్పుగా అనుకోవద్దు. అంత బరువు ఇన్నేళ్ళు మోయడం కష్టం కదా?"

"కష్టమే."

"మరి దించెయ్యొచ్చు కదా?"

"ఎవరి మీద దించమంటావు? నీ మీదా?"

చాప్లెయిన్ భార్య మొహం ఎర్రబడింది. చేతిలో గరిట అలాగే ఉంది. యోసెఫ్ ఆమె చెయ్యి తట్టి, "అలవాటైపోతుందమ్మా, నాకు అరవై ఏళ్ళుగా అలవాటు," అన్నాడు. వాళ్ళమ్మాయి తలెత్తకుండా, "మా అమ్మని ఎవరైనా అలా చేస్తే నేనూ క్షమించను," అంది. చాప్లెయిన్ ఫోర్క్ కింద పెట్టాడు. అప్పుడు హన్నా నావైపు తిరిగింది.

"రేపు నీ ప్రోగ్రాం ఏంటి, సోల్జర్?"

"పొద్దున రేంజ్ ఉంది మేడమ్. షూటింగ్."

"నేనూ వస్తాను."

చాప్లెయిన్ వద్దన్నాడు. చప్పుడు భయంకరంగా ఉంటుందన్నాడు. ఆవిడ చూపు తిప్పకుండా ఆయన్నే చూసింది. ఆయన లేచి కమాండర్‌కి ఫోన్ చేశాడు.

బుధవారం. 0840 గంటలు. యాభై రెండు డిగ్రీలు, సన్నటి జల్లు, పడమటి గాలి. ఎర్ర జెండా ఎగరేశారు. నాకు ఏడో లేన్ ఇచ్చారు. వెనక చెక్క గ్యాలరీలో హన్నా, చాప్లెయిన్ కూతురు. ఆవిడ తల మీద హెల్మెట్ ముక్కు దాకా జారుతోంది. రేంజ్ సార్జెంట్ రేడియోలో చెప్తున్నాడు.

"రేంజ్ కంట్రోల్, గ్యాలరీలో ఇద్దరు సివిలియన్లు. ఒకరికి పదహారు, ఒకరికి ఎనభై నాలుగు. ఓవర్."

"వయసు రిపీట్ చెయ్యి. ఓవర్."

"ఎనిమిది, నాలుగు."

"ఆవిడ కాలుస్తానంటున్నారా?"

"ఇంకా అనలేదు. ఓవర్."

బోర్లా పడుకుని ఇరవై, ఆసరా లేకుండా పది, మోకాలి మీద పది. ఆ రోజు నలభైకి నలభై పడ్డాయి. రెండుసార్లు సార్జెంట్ నా వెనక నిలబడి అరిచాడు. "ఏడో లేన్, టార్గెట్ పడిపోయింది. తర్వాతది చూడు. ఏడో లేన్, పడిపోయిందన్నాను!" చప్పుడు తగ్గించే మఫ్‌లు చెవులకున్నా హన్నాకు అది వినపడిందట.

రైఫిళ్ళు ఖాళీ చేశాక నన్ను పిలిచింది. అమ్మాయిని కాఫీకి పంపించింది. బల్ల మీద పక్కన కూర్చోమంది. నా చేతులకు నూనె, మసి.

"పడిపోయాక కూడా నువ్వు గురి తిప్పడం లేదు. ఎవడు వాడు?"

"ఎవరూ లేరు మేడమ్."

"పేరేంటి?"

జల్లు హెల్మెట్ల మీద టపటపమంటోంది. తొమ్మిదేళ్ళలో ఆ పేరు నేను పైకి అనలేదు. అమ్మ దగ్గర 'వాడు' అనేవాణ్ణి.

"శేషగిరిరావు."

"ఇంకోసారి."

"శేషగిరిరావు."

"ఏం చేశాడు?"

చెప్పాను. శ్మశానం, సంతకం, లాకులు, మెడ మీద కాలు. రెల్లు సంగతి కూడా చెప్పాను. జూన్‌లో చెరువు గట్టు మీద ఏం చేయబోతున్నానో కూడా చెప్పాను. ఆవిడ 'అయ్యో' అనలేదు. చేతి సంచిలోంచి పిప్పరమెంటు తీసి నోట్లో వేసుకుంది. నాకూ ఒకటిచ్చింది.

"నాకు పదిహేడేళ్ళు. క్యాంపు విడుదలయ్యాక, సైనికులు ముగ్గురు గార్డుల్ని పట్టుకుని ఒక పాక వెనకాల మాకు అప్పగించారు. సిగరెట్ తాగొస్తామని అటు తిరిగారు. నా చేతిలో పార ఉంది. ఒకడి మీద వాడాను."

"ఎలా అనిపించింది?"

"చాలా బాగుంది. సైనికుడితో అబద్ధం చెప్పను. ఆ రాత్రి బాగా నిద్రపోయాను. పొద్దున పార కడుగుతుంటే గుర్తొచ్చింది, వాడి పేరు నాకు తెలియదు. వాడి గురించి ఇంకెవరికీ ఏమీ తెలియదు. చచ్చిపోయాడు, అంతే. తప్పించుకున్నాడు."

నేను పిప్పరమెంటు చప్పరించడం ఆపాను.

"మా అమ్మనీ, తమ్ముణ్ణీ చంపడానికి లాక్కెళ్ళినవాడు వేరే. వాడి పేరు తెలుసు. వాడు ఇంటికెళ్ళి, పద్దెనిమిదేళ్ళు బడిలో పిల్లలకి వ్యాయామం నేర్పాడు. ఆ తర్వాత దొరికాడు. నేను ఓడలో వాళ్ళ దేశం వెళ్ళాను. పదకొండు రోజులు కోర్టులో కూర్చున్నాను. వాడి పెళ్ళాం ముందు, వాడి కొడుకుల ముందు అంతా చెప్పాను. అమ్మ ఏ కోటు వేసుకుందో, తమ్ముడు ఏమని అరిచాడో. వాడు తన బూట్లు చూసుకుంటున్నాడు. నేను ఆపితే కదా! పదకొండు రోజులు కొట్టాను వాణ్ణి. చావలేదు. మళ్ళీ కొట్టాను."

"ఎంత పడింది?"

"ఆరేళ్ళు. నాకేం తృప్తి లేదు. విను, సోల్జర్. మంచివాడిగా ఉండమని నేను చెప్పడం లేదు. ఆ పని పాస్టర్ చూసుకుంటాడు. రెండూ చేసినదాన్ని కాబట్టి, వాళ్ళకు ఏది ఎక్కువ నొప్పి పెట్టిందో చెప్తున్నాను."

అమ్మాయి కాఫీ తీసుకొచ్చింది. హన్నా హెల్మెట్ తీసి నా ఒళ్ళో పెట్టింది.

గురువారం వాళ్ళను ఎయిర్‌పోర్ట్‌లో దించాం. తిరిగి వచ్చేటప్పుడు నేను డ్రైవ్ చేస్తున్నాను, చాప్లెయిన్ పక్కన. నూట ముప్ఫై మైళ్ళు. నలభయ్యో మైలు దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆయన మధ్యలో మాట్లాడలేదు. ఒక గ్యాస్ స్టేషన్ దగ్గర ఆపమన్నాడు. దిగలేదు.

"ఇది నేనెవరికీ చెప్పకూడదు. అది తెలిసే చెప్పావు."

"యెస్ సర్."

"ఏడాదికి పైగా నీ రైఫిల్ వెనక నడిచాను. అది ఎవరి కోసమో అడగలేదు. వారం క్రితమైతే ఇప్పుడు బైబిల్ వాక్యం చెప్పేవాణ్ణి." మోకాలు రుద్దుకున్నాడు. "వాయిదా ఎన్నో తారీకు?"

"జూన్ పద్నాలుగు."

"యూనిఫాం వేసుకోవద్దు, రూల్స్ ఒప్పుకోవు. మామూలు చొక్కా వేసుకో. మీ పల్లెవాడే వచ్చాడని వాడికి తెలియాలి."

లీవ్ కాగితం మీద ఆ సాయంత్రమే సంతకం పెట్టించాడు. వెళ్ళే రోజు మెకానిక్ నన్ను ఎయిర్‌పోర్ట్‌లో దించాడు. "అన్నా, రిటర్న్ టికెట్ బుక్ చేసినవా?" అని రెండుసార్లు అడిగాడు. చూపించాను. అప్పుడు డిక్కీ తెరిచాడు.

నిజం చెప్పాలి. ఊరికెళ్ళిన మూడో రోజు పొద్దున ఐదూ నలభైకి చెరువుల దగ్గరికి వెళ్ళాను. యంత్రాలు తిరుగుతున్నాయి. మంచం ఉంది. ఆరూ పదికి వాడొచ్చాడు. వంద మీటర్లు. జమ్ము వెనక నేను. అరగంట చూశాను. వాడు పళ్ళు తోముకున్నాడు, ఫోన్ మాట్లాడాడు, దేనికో నవ్వాడు. ఇక్కడ చస్తే నవ్వుతూ చస్తాడు. ఎందుకు చచ్చాడో పల్లెకు తెలుస్తుంది, ఊరు మాత్రం తెలియనట్టే ఉంటుంది. వాడి శవానికి పూలదండలు వేస్తారు. నేను వెనక్కి తిరిగాను. జాలితో కాదు. చాలదని.

కోర్టు గదిలో ఫ్యాను తిరుగుతోంది, గాలి రావడం లేదు. శేషగిరిరావు తెల్ల చొక్కా, తెల్ల పంచె. వెనక బెంచీల మీద వాడి భార్య, అల్లుడు, ఊళ్ళో పెద్దలు. అమ్మ తలుపు దగ్గర నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. గంటా ఇరవై నిమిషాలు చెప్పాను. రేంజ్ మీద బల్ల దగ్గర చెప్పినట్టే, ఒకదాని తర్వాత ఒకటి. పేరు పదహారుసార్లు వాడాను. 'అతను' అనలేదు, ఒక్కసారి కూడా.

వాళ్ళ లాయరు లేచాడు.

"ఈత వచ్చా నీకు?"

"వచ్చు."

"అన్న మునిగిపోతుంటే దూకలేదేం?"

"భయపడ్డాను."

"అంటే పిరికివాడివి."

"అవునండి. ఆ రోజు పిరికివాణ్ణి. అందుకే బతికున్నాను. అందుకే శేషగిరిరావు ఏ కాలు పెట్టాడో చెప్పగలుగుతున్నాను. కుడికాలు."

గదిలో చాలామంది ఒకేసారి వాడి కాళ్ళ వైపు చూశారు. వాడి భార్య కూడా. వాడు కుడికాలు వెనక్కి లాక్కున్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు విరామం ఇచ్చారు. నేను వరండా చివర మంచినీళ్ళ దగ్గరికి వెళ్ళాను. సిమెంటు తొట్టి, ఒక కుళాయి, గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు. శేషగిరిరావు అప్పుడే గ్లాసు నింపుకున్నాడు. పక్కన పోలీసు లేడు, అల్లుడు లేడు. నాకూ వాడికీ మధ్య మూడడుగులు. మెడ కనపడుతోంది. సన్నగా, ముడతలతో. నా చేతులకు ఏం చేయాలో తెలుసు.

వాడు నన్ను చూశాడు. గ్లాసు నోటి దగ్గర ఆగింది. నీళ్ళు తొట్టిలో ఒంపేశాడు. గ్లాసు కుళాయి కింద పెట్టి, పక్కకు జరిగాడు.

నేను గ్లాసు కడిగాను. రెండుసార్లు. నింపుకున్నాను. తాగాను. మళ్ళీ నింపుకున్నాను. ఎప్పుడూ అంత నిదానంగా నీళ్ళు తాగలేదు. మూడో గ్లాసు కడుపులో పట్టలేదు, అయినా తాగాను. వాడు నిలబడే ఉన్నాడు. నూట తొమ్మిది డిగ్రీల ఎండ. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. వాడి ఇంటి పెరట్లో మా అమ్మ ఇరవై ఏళ్ళు దోసిలి పట్టి నీళ్ళు తాగింది, వాళ్ళు పైనుంచి పోస్తే. నేను గ్లాసు పెట్టి, మొహం కడుక్కుని, చేతులు కడుక్కుని, వెళ్ళిపోయాను.

జులై మొదటి వారంలో ఫోర్ట్‌కి తిరిగొచ్చాను. మధ్యాహ్నం నాలుగు గంటలు, తొంభై ఎనిమిది డిగ్రీలు. చాప్లెయిన్ తలుపు తీసి నా చేతుల వైపు చూశాడు, తర్వాత మొహం వైపు. "కాఫీ ఉంది," అన్నాడు. ఆయన భార్య హన్నాకు ఫోన్ కలిపి నా చేతికిచ్చి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. అంతా చెప్పాను. కుళాయి సంగతి దగ్గర హన్నా ఆపింది.

"ఎన్ని గ్లాసులు?"

"మూడు."

"నాలుగు తాగాల్సింది," అంది.

ఏడు నెలలకు తీర్పు వచ్చింది. ముగ్గురిలో ఇద్దరికి యావజ్జీవం. శేషగిరిరావు అందులో ఉన్నాడు. పై కోర్టుకు వెళ్ళారు, వాడికి బెయిల్ వచ్చింది. శ్మశానం ఇప్పటికీ చెరువే. అమ్మను ఊళ్ళో ఎవరూ పనికి పిలవడం లేదు. ఆవిడ అడగడం కూడా లేదు. పాస్టరుగారు నాతో మాట్లాడరు. నేను క్షమించలేదు. ఆ పనికి ఎవరైనా పూనుకోమంటే లేచి వెళ్ళిపోతాను.

కోర్టులో చెప్పిన మరుసటి ఏడాది జూన్‌లో సైన్యం నుంచి బయటికొచ్చాను. హెర్న్‌డన్‌లో ఉద్యోగం. పొద్దున ట్రాఫిక్, మధ్యాహ్నం మీటింగులు. రెల్లు వెనకనుంచి చూసింది కలలోకి రావడం తగ్గింది. ఒకటి మాత్రం పోదు. ఎప్పుడంటే అప్పుడు వస్తుంది, ఆఫీసు లిఫ్ట్‌లో, కారు సిగ్నల్ దగ్గర. తొట్టి పక్కన తెల్ల బట్టల్లో ఒక ముసలివాడు. తడిసిన కుడి చెయ్యి ఒంటికి ఆనకుండా కాస్త దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. మోచేతి నుంచి నీళ్ళు ఒక్కొక్క బొట్టు చెప్పు మీద పడుతున్నాయి. నేను తాగడం అయ్యేదాకా ఆగాడు.